పదకొండో మెట్టు

పందొమ్మిదేండ్లు నేను కళ్ళు నలుపుకోలేదు.
దుమ్ము పడ్డా, నిద్ర ముంచుకొచ్చినా,
ఏడుపొచ్చినా సుత మోచేతితోనే.
ధర్మాబాద్‌ల మిరప గిర్నీ నడిపేటోళ్ళకు
అరచేతులు పరాయి మనుషులవి.
బిడ్డకు జడేసే ముందు నూనె రాసి, బూడిద రుద్ది,
మజ్జిగల ముంచి,
ఇంకా భయపడుకుంట కొసవేళ్ళతో అల్లుతుంటి.

గుప్పెడు కాయ పట్టుకుంటే చాలు.
గలగలమంటే ఎండింది,
మెత్తగ ఒంగితే నీళ్ళు తాగిందని
తూకంకాడ మిషను కంటే ముందు నేనే చెప్తుంటి.
మూడో గిర్నీ బెల్టు జారబోతే
చప్పుడు మారకముందే నా అరికాళ్ళకు తెలుస్తుండె.

మోకాళ్ళ నొప్పులని లాతూర్‌ల కొడుకింటికి పోతూ
బస్లింగప్ప సావుకారు
నాకు తాళాలగుత్తి ఇయ్యలె, కుర్చీ ఇచ్చిండు.
"గంగామణీ, ఆర్నెల్లు కిందికి దిగకు.
నువ్వు దిగితే అది ఒక్క గిర్నీయే" అన్నడు.
పనిలేని మనిషిని చేసి పోయిండనుకున్న.

పైన గది. ఇరవై రెండు చెక్కమెట్లు.
లెక్కల బుక్కులు, కీచుమనే ఫ్యాను, ఒక కిటికీ.
మొదటి వారం కిటికీకి వీపు పెట్టి కూసున్న,
బడిల గోడకుర్చీ ఏసిన పోరి లెక్క.

ఒక రాత్రి మూడో గిర్నీ గొంతు బొంగురుపోయింది.
చెప్పులు సుత తొడుగకుంట ఉరికిన.
పదకొండో మెట్టు మీద కాళ్ళు ఆగినయి.
కింద దిగంబర్, బిలోలి దిక్కు పిలగాడు,
మీసం ఇంకా సరిగ్గ కుదరనోడు.
నేనైతే బెల్టుకు గుగ్గిలం పొడి చల్లుతుంటి,
పది నిమిషాల పని.
వాడు మోటరు లేపి కింద రేకుముక్క దోపుతున్నడు,
పడేస్తున్నడు, మళ్ళ దోపుతున్నడు.
నలభై నిమిషాలు.
పైకీ పోలేదు, కిందికీ రాలేదు నేను,
రెయిలింగు నా చేతిల చెమటకు నానింది.
ఒక్కరు సుత తలెత్తి చూడలె.

ఆ బెల్టు వానకాలం దాక మళ్ళ జారలె.

ఇగ కిటికీ దిక్కు తిరిగి కూసున్న.
ఎండాకాలం మొదట్ల లారీలన్నీ ఒక్కసారే వస్తయి,
రైతు ఎంతకంటే అంతకు ఇచ్చి పోతడు.
ఆషాఢంల ఒక్క లారీ రాదు,
అప్పుడే మేం రెండింతలు పెట్టి కొంటం.
పందొమ్మిదేండ్లు!
కింద నాకు బస్త కనవడేది,
బస్తల వెనక ఏడాది కనవడలె.

రెండో గిర్నీ ఆపుడు, ఆ జాగల చల్లగోదాం కట్టుడు.
కాగితం మీద రెండు లైన్లు.
ఆ రెండో గిర్నీలనే నేను పని నేర్చుకున్న.
నడుపుడు తెలుసు నాకు, ఆపుడు తెల్వది.
తొడిమెలు తీసే చంద్రభాగ మెట్లెక్కి వచ్చింది,
"తాయీ, పైకి పోయి మమ్మల్ని అంకెలు చేసినవా?"
జవాబు చెప్పలె.
పదహారు పేర్లు రాసుకున్న,
ఒక్కొక్క పేరు ముందు ఒక్కొక్క పని.
ఆ ఒక్క కాగితానికి నెల పట్టింది.
అయినా చంద్రభాగ నాతోని
ఇదివరకటి లెక్క నవ్వుతలేదు.

నిన్న రాత్రి బ్యాంకు వడ్డీ చూస్తు చూస్తు
మరిచిపోయి కళ్ళు నలుపుకున్న.
మండలె.
భయమయింది.
చేతులు దీపం కింద తిప్పి తిప్పి చూసుకున్న.

ఇయ్యాల దిగంబర్ గుప్పెడు కాయ పట్టుకొని పైకొచ్చిండు.
"తాయీ, ఈ సరుకు తీసుకుందామా?"
వాడు గడప దాటకముందే నాకు తెలిసిపోయింది,
గుప్పిట్ల గలగల లేదు.
జవాబు నాలుక కొసకొచ్చి మండింది.
మింగిన.
"నీకేమనిపిస్తుంది?"

వాడు గుప్పిట చెవి దగ్గర పెట్టుకొని ఊపిండు.
ఒకసారి.
కళ్ళు మూసుకొని ఇంకోసారి.